ఎర్ర తీగ లేని అడాప్టర్

“అరగంట ఇస్తున్నాను మేడమ్. ఆ తర్వాత ఈవిడని జీపెక్కిస్తాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, షట్టర్ తాళానికి వేసిన సీలు తెంపుతూ.

“అరగంట చాలకపోతే?” అంది డిటెక్టివ్.

“చాలకపోతే స్టేషన్‌కి వచ్చి మాట్లాడుకోండి. ఊచలకి ఇవతల మీరు, అవతల ఆవిడ.”

షట్టర్ కిర్రుమంటూ పైకి లేచింది. లోపలి నుంచి మాడిన ప్లాస్టిక్ వాసన ఇంకా కొడుతూనే ఉంది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడమనిషి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు. ఆ వాసనలోనే రెండు రోజుల కిందట ఆమె భర్త చచ్చిపోయాడు.

డిటెక్టివ్‌కి యాభై దాటాయి. సొంతంగా ఈ వ్యాపారం పెట్టుకోకముందు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చేసింది. పట్టుకుంటే ఒక పట్టాన వదలదని స్టేషన్‌లో ఆవిడకి ‘జలగ’ అని పేరు. ఎదురుగా మాత్రం అందరూ మేడమ్ అనే పిలుస్తారు. ఈ ఇన్‌స్పెక్టర్ ఆ మేడమ్‌లోనే జలగ వినబడేలా పలుకుతాడు.

చనిపోయినవాణ్ణి వీధి వీధంతా ‘చిప్పుల మేస్త్రి’ అనేది. టీవీ కానివ్వండి, కంప్యూటర్ కానివ్వండి, ఆసుపత్రిలో మందు ఎక్కించే పంపు కానివ్వండి, దాని లోపలి మెమరీ చిప్పులో రాత చెడిపోతే యంత్రానికి మతి పోయినట్టే. ఆ చిప్పు ఊడదీసి, యూఎస్‌బీ అడాప్టర్‌లో బిగించి, కంప్యూటర్‌లోంచి కొత్తగా రాసి తిరిగి అతికించడం ఈ కొట్టు పని. ఊడదీసేదీ అతికించేదీ భార్య. రాసేది భర్త. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒకే బల్లకి చెరో కొసనా కూర్చుని పని చేసుకుంటూ వచ్చారు.

మొన్న సాయంత్రం ఆ బల్ల మీదే, మూత తీసిన పంపు మీద చెయ్యి పడి, కరెంటు తగిలి అతను పోయాడు. నాలుగింటికి మొగుడూ పెళ్ళాలు అరుచుకోవడం పక్కకొట్టు టైలర్ విన్నాడు. కాసేపటికి ఆమె విసురుగా వెళ్ళిపోవడమూ చూశాడు. ఏడింటికి ఆమె తిరిగొచ్చి షట్టర్ ఎత్తి కేకలు పెట్టింది. ఇంతవరకూ ప్రమాదమే అనుకోవచ్చు. కానీ బల్లకి కరెంటిచ్చే స్విచ్ ఆపి ఉంది.

“కరెంటు తగిలి చచ్చినవాడు లేచి స్విచ్ ఆపి మళ్ళీ పడుకోడు కదా మేడమ్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఎవరో ఉన్నారు. గొడవపడింది ఈవిడ. గొడవ దేనికంటే చెప్పదు. వేలిముద్రలు చూస్తే ఎక్కడ చూసినా ఈవిడవే.”

“ఆమె కొట్లో ఆమె వేలిముద్రలు కాక మీవి ఉంటాయా?”

ఇన్‌స్పెక్టర్ పళ్ళు కొరికాడు. డిటెక్టివ్ అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది.

ఆవిడకి ఈ కేసు అప్పగించింది పోయినవాడి అక్క. “తమ్ముడు ఎలాగూ పోయాడు. నా మరదల్ని కూడా ఈ పోలీసులకి అప్పగించలేను. అది వాణ్ణి చంపే మనిషి కాదు. కానీ ఏదో దాస్తోంది, అది నాకు తెలుసు,” అంది. కళ్ళు తుడుచుకుంటూనే సూటిగా చెప్పింది. ఆ సూటిదనం నచ్చే డిటెక్టివ్ ఒప్పుకుంది.

“గొడవ దేనికి?” అడిగింది డిటెక్టివ్.

“ఇంటి విషయాలండీ.”

“ఏ ఇంటి విషయం?”

ఆమె కొంగు సర్దుకుంది. గట్టిగా అడిగిన కొద్దీ బిగుసుకుపోయే రకం అని డిటెక్టివ్‌కి అర్థమైంది. అలాంటివాళ్ళని పని గురించి అడగాలి. పని తెలిసినవాళ్ళు దాని గురించి అబద్ధమాడటానికి ఇబ్బంది పడతారు.

“సరే, వదిలేయండి. మీరు వెళ్ళేటప్పటికి ఆయన ఏం చేస్తున్నారు?”

“అడాప్టర్ పట్టుకుని తిప్పలు పడుతున్నారు. అంతకు ముందు రోజు లాప్‌టాప్ మొరాయిస్తే మొత్తం తుడిచేసి కొత్తగా విండోస్ వేశారు. చిప్పులు రాసే సాఫ్ట్‌వేర్ అయితే ఎక్కించారు గానీ, దానికి అడాప్టర్ కనబడటం లేదు.”

“కనబడకపోవడమేమిటి? గుచ్చితే కనబడదా?”

“కనబడదండీ. మధ్యలో డ్రైవర్ ఉండాలి.”

“డ్రైవరా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి. “వాడెవడు? వాడి స్టేట్‌మెంట్ తీసుకోలేదే!”

ఆమె అతని వంక చూసింది. ఆ రెండు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖంలో నవ్వులాంటిదేదో వచ్చి, వచ్చినంత వేగంగానే పోయింది.

“మనిషి కాదండీ. అదీ ఒక చిన్న సాఫ్ట్‌వేరే. కొత్త మనిషి ఇంటికొస్తే ఎవరో ఒకరు పరిచయం చేయాలి కదా, అలాగ. డ్రైవర్ వేస్తేనే ఈ అడాప్టర్ ఫలానా అని కంప్యూటర్‌కి తెలుస్తుంది. అప్పుడు గానీ సాఫ్ట్‌వేర్ దానితో మాట్లాడి చిప్పుని చదవదు, చెరపదు, రాయదు.”

డిటెక్టివ్ బల్ల దగ్గరికి నడిచింది. ఒక కొసన భూతద్దం దీపం, సోల్డరింగ్ ఐరన్, పట్టకార్లు. రెండో కొసన లాప్‌టాప్. దాని పక్కన మూత ఊడదీసిన పంపు. లాప్‌టాప్ ముందు రెండు స్టూళ్ళు పక్కపక్కనే ఉన్నాయి.

“ఈ రెండో స్టూలు ఎవరిది?”

“నాది. కానీ అది దీపం కింద కదా ఉండాలి? నేను ఇటు కూర్చోను.”

“మా కానిస్టేబుళ్ళు లాక్కుని ఉంటారు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“శవాన్ని కదపకముందు ఫోటోలు తీశారు కదా? ఒకటి చూపించండి.”

అతను విసుక్కుంటూ ఫోన్ తీసి చూపించాడు. ఫోటోలో పంపు మీదికి ఒరిగిపోయిన మనిషి వీపు. అతని స్టూలు. దానికి ఆనుకుని రెండో స్టూలు.

“మీవాళ్ళు రాకముందే అక్కడుంది,” అంది డిటెక్టివ్. “భార్యాభర్తలు పోట్లాడుకునేటప్పుడు స్టూలు లాక్కుని మరీ పక్కన కూర్చుంటారా? నా కాపురంలో అయితే ఒకరం వంటింట్లో, ఒకరం వీధి గుమ్మంలో.”

“స్టూలుతో కేసు నిలబడదు మేడమ్.”

“నిలబడకపోతే కూర్చుంటుంది. లాప్‌టాప్ ఆన్ చెయ్యమ్మా.”

ఆమె సందేహిస్తూ ఇన్‌స్పెక్టర్ వంక చూసింది. అతను తలూపాడు. “మావాళ్ళ పని అయిపోయింది. ముద్రలు తీసుకున్నారు. ఎలా దొరికిందో అలాగే వదిలేశారు.”

అడాప్టర్ ఇంకా లాప్‌టాప్‌కి గుచ్చే ఉంది. చూపుడు వేలంత నల్లటి పలక. దాని కొసన ఆకుపచ్చ సాకెట్, పక్కన చిన్న ఇనుప మీట. మీట ఎత్తి చిప్పు కాళ్ళు దూర్చి దించితే కరుచుకుంటుంది. ఇప్పుడు మీట ఎత్తి ఉంది. సాకెట్ ఖాళీ.

“ఆన్ చేస్తాను గానీ ఏం లాభం లేదండీ,” అంది ఆమె. “డ్రైవర్ వేయలేదు.”

“వేయలేదని అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?”

“డ్రైవర్ ఉన్న పెన్‌డ్రైవ్ నా సంచిలో ఉంది కాబట్టి. కోపంలో తీసుకుని వెళ్ళిపోయాను. పని ఆగిపోతే అయినా నా మాట వింటారేమోనని.” సంచి మీద చెయ్యి వేసింది. “దారిలో మనసొప్పక, అది ఇచ్చేద్దామనే ఏడింటికి వెనక్కి వచ్చాను.”

లాప్‌టాప్ తెర వెలిగింది. ఆమె అలవాటైన చేత్తో సాఫ్ట్‌వేర్ తెరిచింది. మూలన చిన్న ఆకుపచ్చ గుర్తు వెలిగింది. అడాప్టర్ కలిసింది, చిప్పు పెట్టమని కింద వరుసలో వచ్చింది.

ఆమె చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

“ఏమైంది?” అంది డిటెక్టివ్.

“గుర్తుపట్టింది.”

“అంటే డ్రైవర్ వేసి ఉంది. మీరు వెళ్ళాక వేశారు.”

“నెట్‌లోంచి దింపుకుని ఉంటాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెంటనే. “నాక్కూడా తెలుసు ఆ మాత్రం.”

“కొట్లో నెట్ లేదండీ. వైరస్‌లొస్తాయని ఈ లాప్‌టాప్‌కి ఆయన నెట్ తగలనివ్వరు.”

“ఫోన్‌లోంచి కలిపి ఉంటాడు.”

“ఆయన ఫోన్ మీ దగ్గరే ఉంది కదా ఇన్‌స్పెక్టర్ గారూ,” అంది డిటెక్టివ్. “ఎలాంటిది?”

ఇన్‌స్పెక్టర్‌కి గుర్తొచ్చింది. ఆ ఫోన్‌ని తనే కవర్లో వేసి సీలు చేశాడు. నొక్కే బటన్ల ఫోన్. “ఊళ్ళోవాళ్ళ ఫోన్లన్నిటికీ మందేసే మనిషి తను మాత్రం డబ్బా ఫోన్ వాడేవాడట,” అని స్టేషన్ రైటరుతో కలిసి నవ్వుకున్నాడు కూడా.

“అయితే ఈవిడే అబద్ధం చెప్తోంది,” అన్నాడు, గొంతు కాస్త తగ్గించి. “పెన్‌డ్రైవ్ పట్టుకుపోలేదు. డ్రైవర్ వేశాకే గొడవ జరిగింది.”

డిటెక్టివ్ ఆ మాట పట్టించుకోలేదు. ఆవిడ చూపు మేస్త్రి భార్య చేతుల మీద ఉంది. ఆమె అడాప్టర్‌ని లాప్‌టాప్‌లోంచి లాగింది. చూడకుండానే బొటనవేలితో దాని అడుగుభాగం తడిమింది. మళ్ళీ తడిమింది. అప్పుడు తిరగేసి చూసింది. ముఖాన నెత్తురు చుక్క లేదు. గబుక్కున బల్ల మీద పెట్టేసింది.

“వేలితో దేనికోసమో వెతికారు,” అంది డిటెక్టివ్ నెమ్మదిగా. “దొరకలేదు. ఏమిటది?”

“ఏం లేదండీ.”

“చూడమ్మా. ఇంకో పావుగంటలో నిన్ను తీసుకుపోతారు. నీ ఆడపడుచు నా కాళ్ళావేళ్ళా పడి నన్ను ఇక్కడికి పంపింది. నీ కోసం మాట్లాడే మనిషి ప్రపంచంలో ఆవిడ ఒక్కతే. ఆవిడ ముఖం చూసైనా చెప్పు.”

ఆమె ఆ నల్లటి పలకని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

“ఇది మాది కాదు,” అంది చివరికి. “బజార్లో దొరికేవన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ వాటిలో ఒక తప్పుంది. చిప్పు మూడు వోల్టులు అడిగితే ఇవి అయిదు పంపిస్తాయి. కొన్ని తట్టుకుంటాయి, కొన్ని మాడిపోతాయి. అందుకని మాదానికి నేను అడుగున ఒక కాలు పైకెత్తి, వెంట్రుకంత ఎర్ర తీగ అతికించాను. దీనికి ఆ తీగ లేదు.”

“అంటే ఎవరో తన అడాప్టర్, తన డ్రైవర్ తెచ్చుకుని ఇక్కడ మేస్త్రి పక్కన కూర్చున్నారు,” అంది డిటెక్టివ్. “పోయేటప్పుడు కంగారులో బల్ల మీదున్న మీ అడాప్టర్ తీసుకుని, తనది వదిలేసి పోయారు. స్విచ్ ఆపిందీ వాళ్ళే. ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు చెప్పింది నిజమే. ఎవరో ఉన్నారు. కాకపోతే ఈమె కాదు.”

“మీకు ఒక తీగ కనబడలేదు మేడమ్. నాకు ఒక శవం కనబడింది. జడ్జి దేన్ని నమ్ముతాడంటారు?”

“జడ్జి సంగతి తర్వాత. ఈమె భయపడుతోంది చూశారా? అడాప్టర్ తమది కాదని తెలిస్తే సంతోషించాలి. తన మెడకి చుట్టుకున్నది ఊడిపోతుంటే ఎవరైనా ఇలా వణుకుతారా?” డిటెక్టివ్ ఆమె వైపు తిరిగింది. “ఇది ఎవరిదో మీకు తెలుసు.”

ఆమె అడాప్టర్‌ని బల్ల మీద బోర్లించి పెట్టేసింది.

“అక్కా!”

షట్టర్ కింద నుంచి ఒక యువకుడు వంగి లోపలికొచ్చాడు. మెడలో ఆసుపత్రి గుర్తింపు కార్డు, భుజాన నల్లటి సంచి. మేస్త్రి బావమరిది. ఒక పెద్దాసుపత్రిలో మిషన్ల ఇంజనీరు. వస్తూనే అక్క భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

“లాయర్‌తో మాట్లాడొచ్చానక్కా. నువ్వేం భయపడకు. నోరు విప్పకు, అంతే. మిగతాది ఆయన చూసుకుంటాడు.”

“మంచి సలహా,” అంది డిటెక్టివ్. “మిమ్మల్ని రెండు ముక్కలు అడగొచ్చా?”

“అడగండి మేడమ్.”

“ఈ పంపు మీ ఆసుపత్రిదేనా?”

“అవును. పాడైతే బావకి పంపుతాను. బాగుచేసి పంపిస్తాడు. పంపించేవాడు,” అని దిద్దుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావని డిటెక్టివ్‌కి అనిపించింది. అదే ఆవిడని ఇబ్బంది పెట్టింది.

“మొన్న సాయంత్రం ఎక్కడున్నారు?”

“డ్యూటీలో. ఆసుపత్రిలోనే.”

“మీకు ఈ చిప్పులు రాసే పని వచ్చా?”

“నాకా?” చేతులు ఊపేశాడు. “ఓనమాలు కూడా రావు మేడమ్. ఆ సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటుందో కూడా నేను చూడలేదు. అదంతా బావకే తెలుసు.”

మేస్త్రి భార్య తన భుజం మీది చేతిని తీసి పక్కకి పెట్టింది.

“ఏమన్నావు?”

“అదే అక్కా, నాకు…”

“మా ఇంట్లో, అన్నం తినే బల్ల మీద, నీ కంప్యూటర్‌లో ఆ డ్రైవర్ వేసింది ఎవర్రా? నువ్వు పాడు చేసుకున్నప్పుడల్లా విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ వేసి పెట్టింది ఎవరు? ‘ముందు చదువు. రెండోసారి చదివి పోల్చుకో. రెండూ ఒకటే అయితేనే చెరుపు’ అని నీ చేత వల్లె వేయించాడు. నువ్వు తప్పు చెప్తే నేను నవ్వాను. చూడలేదా?”

“అక్కా, ఇక్కడ ఎందుకు అవన్నీ…”

“నీ కోసం రెండు రోజులుగా నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. అమ్మ పోయాక ఎత్తుకు పెంచినవాడివని. నీ ఉద్యోగం పోతుందని. జైలుకైనా పోదామనుకున్నాను గానీ, నువ్వు ఇంత పని చేశావని మాత్రం అనుకోలేదు. ఇప్పుడు ఆయన నేర్పిన విద్యనే రాదంటున్నావే!” ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. “గొడవ దేనికో చెప్తాను, రాసుకోండి. లాప్‌టాప్ తుడిచేయకముందే మా ఆయన ఈ పంపు చిప్పు చదివారు. పైన డబ్బా చూస్తే గీతలు పడి అరిగిపోయి ఉంది. లోపల చిప్పులో చూస్తే ఒక్క గంట కూడా వాడనట్టు సున్నా. కారు మీటర్ వెనక్కి తిప్పినట్టు ఎవరో తిప్పేశారు. ఆసుపత్రిలో ఆ పని చేయగలిగినవాడు వీడొక్కడే. మా ఆయన వాణ్ణి పిలిచి అడుగుతానన్నారు. నేను వద్దన్నాను. వాడి బతుకు బజారున పడుతుందని అరిచాను. అదీ గొడవ.”

తమ్ముడు గోడకి ఆనుకున్నాడు.

“నీ సంచిలో అడాప్టర్ ఉంది కదూ?” అంది ఆమె. “తియ్యి. అది నాది.”

అతను సంచిని గుండెకి అదుముకున్నాడు. ఇన్‌స్పెక్టర్ రెండంగల్లో వెళ్ళి లాక్కున్నాడు. అతనిలో ఇప్పుడు వెటకారం లేదు. లాప్‌టాప్, వైర్లు, స్క్రూడ్రైవర్లు, వాటి అడుగున నల్లటి పలక. తిరగేశాడు. వెంట్రుకంత ఎర్ర తీగ దీపం వెలుగులో మెరిసింది.

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వంక చూశాడు. ఆవిడ అతని వంక చూడలేదు.

“నేను చంపలేదక్కా,” అన్నాడు తమ్ముడు. గొంతు చిన్నపిల్లాడిదిలా సన్నబడిపోయింది. “బావే ఫోన్ చేసి రమ్మన్నాడు. డ్రైవర్ లేదంటే నా దగ్గరున్నది వేసిచ్చాను. పక్కన కూర్చోబెట్టుకుని నా అడాప్టర్‌తోనే చిప్పు చదివాడు. ‘నువ్వేం చేశావో నీకు తెలుసా?’ అన్నాడు. కంప్లైంట్ ఇస్తాడనుకున్నాను. చిప్పు లాక్కోబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. తోశాను. తోశానంతే. పంపు మూత తీసి ఉందని చూసుకోలేదు.”

“స్విచ్ ఎక్కడుంది?” అంది డిటెక్టివ్.

అతను ముఖం తిప్పుకున్నాడు.

“నేను చెప్తాను. బల్ల అంచున. మీరు నిలబడ్డ చోటునుంచి చెయ్యి చాపితే అందుతుంది. ఎప్పుడు ఆపారు?”

“మేడమ్…”

“ఎప్పుడు?”

“కదలడం… మానేశాక.”

అతని అక్క అరవలేదు, ఏడవలేదు. భర్త స్టూలు మీద కూలబడింది. చేతులు ఏం చేయాలో తోచక కాబోలు, మౌస్ పట్టుకున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో చివరిసారి చదివి దాచిన కాపీ ఉంది. తెరిచింది. తెర నిండా అంకెలు, అక్షరాలు వరసలు కట్టి నిలబడ్డాయి. వాటిని కిందికి జరుపుతూ పోయింది. జరుపుతూ జరుపుతూ ముందుకి వంగింది.

“ఎందుకు చేశావురా?” అంది తెర మీంచి చూపు తిప్పకుండా.

“పంపులకి కాలం తీరిపోయిందక్కా. కొత్తవి వచ్చేదాకా ఎలాగో నెట్టుకురమ్మన్నారు పైవాళ్ళు. తనిఖీలో గంటలు ఎక్కువ కనబడితే నా మెడకే చుట్టుకుంటుంది. అందుకని గంటల లెక్క ఒక్కటే చెరిపాను. ఎవరికీ ఏ హానీ లేదు. పంపు మామూలుగానే నడుస్తుంది.”

“గంటల లెక్క ఒక్కటే కాదు.”

“ఏంటి?”

“ఇటు రా. చూడు.”

అతను కదల్లేదు. డిటెక్టివ్ వచ్చి ఆమె భుజం మీంచి చూసింది. తెర మీద పైనుంచి కింది దాకా ఒకే అక్షరం. మరో అంకె లేదు.

“మీరు చెప్పండి నాకు,” అంది డిటెక్టివ్.

“ఇది ఖాళీ చిప్పు గుర్తండీ. చెరిపేసి, మళ్ళీ ఏమీ రాయకపోతే ఇలా ఉంటుంది. వీడు మొత్తం చెరిపేసి పైనున్న కాస్త ముక్కే తిరిగి రాశాడు. రెండోసారి చదివి పోల్చుకోలేదు.” తెర మీద వేలు పెట్టింది. “ఈ భాగంలో హద్దులుంటాయి. మందు ఎంత దాటి పోతే మిషన్ ఆగాలి, ట్యూబులో గాలి వస్తే ఎప్పుడు అరవాలి, అవన్నీ. ఇక్కడ ఏమీ లేకపోతే మిషన్‌కి హద్దే లేదని లెక్క. మందు తోస్తూనే ఉంటుంది. ఆగదు. అరవదు.”

తమ్ముడు తెర దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

“ఆయన నీ మీద కంప్లైంట్ ఇవ్వడానికి పిలవలేదురా,” అంది అక్క. “ఇది చూపించడానికి పిలిచాడు. నువ్వు దిద్దుకుంటావని.”

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి ఎర్ర తీగ అడాప్టర్ తీసుకుంది.

“ఒక్క మాట,” అంది. “బావని చంపి రెండు రోజులైంది. ఇది పారేయొచ్చు. పారేయకుండా సంచిలో పెట్టుకుని తిరుగుతున్నావు. అంటే దీంతో ఇంకా పనుంది.” మర్యాదలు ఎప్పుడు జారిపోయాయో ఆవిడకే తెలియలేదు. “ఈ రోజు వాడావా?”

అతను తల దించుకున్నాడు.

“వాడావా లేదా?”

“రేపు తనిఖీ ఉంది. అందుకని పొద్దున… చిప్పులు ఊడదీయకుండానే, పైన క్లిప్పు తగిలించి అన్నిటికీ అదే కాపీ…”

“అన్నిటికీ అంటే ఏ వార్డు?”

“ఒక్క వార్డే.”

“ఏ వార్డు?” ఇన్‌స్పెక్టర్ అతని చొక్కా పట్టుకుని గోడకేసి నొక్కాడు.

“పిల్లల వార్డు.”

మేస్త్రి భార్య స్టూలు వెనక్కి తన్ని లేచింది. తన సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది, లాప్‌టాప్ చంకలో పెట్టుకుంది, డిటెక్టివ్ చేతిలోంచి తన అడాప్టర్ లాక్కుంది. “ఈ పంపుల మంచి కాపీ నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. జీపు తియ్యండి,” అంది. తనని స్టేషన్‌కి తీసుకుపోవడానికి తెచ్చిన జీపు అదేనన్న సంగతి ఆమెకి గుర్తున్నట్టు లేదు.

“ముందు ఫోన్ చెయ్యండి!” అంది డిటెక్టివ్. “పంపులన్నీ పీకేయమని చెప్పండి!”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే తమ్ముడి నోట నంబరు చెప్పించుకుని నొక్కేశాడు. స్పీకర్ పెట్టాడు. ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. ఇక ఎత్తరేమో అనుకుంటుండగా అవతల నుంచి ఒక ఆడగొంతు తాపీగా పలికింది. డ్యూటీ సిస్టర్.

“పోలీస్ ఇన్‌స్పెక్టర్‌ని మాట్లాడుతున్నాను. మీ వార్డులో మందు ఎక్కించే పంపులు ఎలా ఉన్నాయి?”

“పంపులా? బ్రహ్మాండంగా ఉన్నాయి సర్,” అంది సిస్టర్. “ఇంజనీరు గారు పొద్దున బాగుచేసి వెళ్ళారు కదా, ఆ తర్వాత ఒక్క అలారం కూడా మోగలేదు. ఎప్పుడూ లేనిది వార్డు ఎంత నిశ్శబ్దంగా ఉందో! పిల్లలందరూ నిద్రపోతున్నారు సర్. అన్నం వేళయినా ఒక్కరూ లేవడం లేదు.”